దారి పక్కన మిత్రుడు

"పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు" అని తెలుగువారి సామెత. తొందరపాటు కూడదని చెప్పడానికి పుట్టిన మాట ఇది. ఇందులో ఇద్దరే కనిపిస్తారు: పాల కోసం పరుగెత్తేవాడు ఒకడు, నీళ్ళతో తృప్తిపడి నిలబడేవాడు మరొకడు. సామెతకు అందని మూడవ మనిషి ఇంకొకడున్నాడు. అతడు తాను నిలబడి, పరుగెత్తుతున్నవానికి నీళ్ళందిస్తాడు. పాలలో అతనికి వాటా లేదు, నీళ్ళూ తన దాహానికి కావు. సుదూరపు పరుగు పందెం జరిగే ప్రతిచోటా, దారి పక్కన, ఎవరి లెక్కలోకీ రాకుండా ఇతడు కనిపిస్తాడు.

మారథాన్ పరుగు దూరం 42.195 కిలోమీటర్లు. అంకెగా చదివితే ఈ దూరం మనసుకు అందదు. రంగారెడ్డి జిల్లా చేవెళ్ళ మండలంలోని ముడిమ్యాల గ్రామస్థునికి మరొక విధంగా చెబితే ఇట్టే అర్థమవుతుంది. చేవెళ్ళలో బస్సెక్కి, బీజాపూర్ రహదారి వెంట బారులు తీరిన మర్రిచెట్లను దాటుకుంటూ, మొయినాబాద్ మీదుగా, అప్పా కూడలి గడిచి, లంగర్‌హౌజ్, మెహదీపట్నం వెనకబడేసి హైదరాబాదు నగర మధ్యభాగం చేరేసరికి అయ్యే దూరం ఇంచుమించు అంతే. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవానికే ఒకటి రెండుసార్లు కునుకు పట్టే ప్రయాణమది. ఆ దారినంతా ఒక మనిషి తన కాళ్ళమీద, ఆగకుండా, పరుగెత్తుతూ రావడమంటే ఏమిటో ఊహించుకొన్న తరువాతనే, అతని కోసం దారి పక్కన నిలబడడమంటే ఏమిటో తెలుస్తుంది.

పల్లెలలో ఈ నిలబడడం కొత్త సంగతి కాదు. పోలీసు ఉద్యోగాల ప్రకటన వెలువడిన ఏడాది తెలంగాణలో ఏ మండలానికి వెళ్ళినా తెల్లవారుజామున ఊరి బయటి రోడ్లమీద యువకులు పరుగెత్తుతూ కనిపిస్తారు. వారి భాషలో దీనికి 'ఈవెంట్ల తయారీ' అని పేరు. 2022 నాటి నియామక నిబంధనల ప్రకారం పురుష అభ్యర్థులు 1600 మీటర్ల దూరాన్ని 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళా అభ్యర్థులు 800 మీటర్ల దూరాన్ని 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలి. ఒక్క సెకను ఎక్కువైతే ఆ ఏటికి అవకాశం పోయినట్లే. రాతపరీక్షకు చదివిన చదువంతా ఆ ఒక్క సెకను వద్ద ఆగిపోతుంది.

ఇలా పరుగెత్తే వారి వెంట తరచుగా ఒక స్నేహితుడు ఉంటాడు. అతడు ఉద్యోగార్థి కాకపోవచ్చు. చెప్పులు, చొక్కా, సెల్‌ఫోను, నీళ్ళ సీసా అతని వశంలో ఉంటాయి. మైలురాయి దగ్గర నిలబడి సమయం చూస్తాడు. చీకట్లో లారీ దీపాలు కనిపిస్తే కేక వేస్తాడు. నిన్నటికంటే నాలుగు సెకన్లు తగ్గిందని చెబుతాడు. తగ్గకపోతే, తగ్గలేదనీ చెబుతాడు. ఈ రెండవ మాట చెప్పగలిగినవాడే అసలైన స్నేహితుడని పరుగెత్తేవారందరికీ తెలుసు. 'ప్రేక్షకుడు' అనే సంస్కృత పదానికి మూలంలో 'బాగా చూచేవాడు' అని అర్థం. వినోదం కోసం వచ్చినవాడు అనే అర్థం వాడుకలో స్థిరపడింది గాని, చూపులోని శ్రద్ధయే ఆ పదానికి పునాది. చీకటిలో గడియారం పట్టుకొని నిలుచున్న ఆ యువకునికి ఈ పదం సినిమా చూచేవానికంటే చక్కగా అమరుతుంది.

ఊరి రోడ్డు మీది పరుగుకూ నగరంలోని మారథాన్‌కూ దూరంలో పోలిక లేదు. ప్రేక్షకుని పని మాత్రం రెండింటిలోనూ ఒకటే. నగరంలో అది మరింత కష్టమైనది. హైదరాబాదు మారథాన్ 2011లో ఆరంభమైంది. 2007లో ఏర్పడిన హైదరాబాద్ రన్నర్స్ అనే పరుగరుల సంఘం దీనిని నిర్వహిస్తున్నది. ఆగస్టు నెలలో, వానకాలపు ఉక్కలో, తెల్లవారకముందే పరుగు మొదలవుతుంది. ఇటీవలి సంవత్సరాలలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా వద్ద బయలుదేరి గచ్చిబౌలి మైదానంలో ముగుస్తున్నది. నగరం రాళ్ళగుట్టల మీద పెరిగినది కాబట్టి దారి పొడవునా ఎత్తులు, పల్లాలు. వాటికి తోడు వంతెనలు. చేవెళ్ళ ప్రాంతం నుంచి ఒక యువకుడు ఈ పరుగుకు వస్తే, అతని మిత్రుడు కూడా ముందురోజే నగరానికి చేరి ఏ బంధువుల ఇంట్లోనో, హాస్టలు గదిలోనో తలదాచుకోవలసిందే. ఆ వేళకు పల్లె నుంచి బస్సు దొరకదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేసి చూడవచ్చు. అయిదు గంటలలో మారథాన్ ముగించే పరుగరి వేగం గంటకు సుమారు 8.4 కిలోమీటర్లు, అంటే సెకనుకు 2.3 మీటర్లకు కొద్దిగా పైన. దారి పక్కన నిలబడినవానికి అతడు ఇరవై అయిదు మీటర్ల దూరంలో కనిపించి, మరొక ఇరవై అయిదు మీటర్లు వెళ్ళి గుంపులో కలిసిపోతాడనుకొంటే, కళ్ళముందు ఉండే కాలం దాదాపు 21 సెకన్లు. మిత్రుడు ఎంతో శ్రమపడి, మూసిన రోడ్లను తప్పించుకొంటూ మూడుచోట్లకు చేరగలిగినా, అయిదు గంటలలో అతడు తన స్నేహితుణ్ణి చూచేది మొత్తం ఒక్క నిమిషానికి కాస్త ఎక్కువ. తక్కిన రెండు వందల తొంభై తొమ్మిది నిమిషాలూ ఎదురుచూపే. క్రికెట్ ఆటకు వెళ్ళినవాడు ఆట చూస్తాడు. మారథాన్‌కు వెళ్ళినవాడు దారి చూస్తాడు.

అయినా ఆ ఎదురుచూపు ఖాళీ కాలం కాదు. ముందుగా గాలిని చీల్చుకొంటూ గెలుపు కోసం పరుగెత్తేవారు పదిమందో ఇరవైమందో వెళ్ళిపోతారు. వారి ముఖాలలో ఏ భావమూ ఉండదు. తరువాత చాలాసేపటికి అసలు జనం వస్తుంది: నెరిసిన జుట్టువారు, బొద్దుగా ఉన్నవారు, ఒకరి భుజం తట్టుకొంటూ ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఒక కాలు ఈడుస్తూ ఒక మధ్యవయస్కుడు. మిత్రుడి కోసం వచ్చినవాడు మొదట మౌనంగా నిలబడతాడు. తన మనిషి కానివారికి చప్పట్లు కొట్టడమెందుకని సంకోచిస్తాడు. అరగంట గడిచేసరికి అతడు ఎవరెవరికో చప్పట్లు కొడుతూ, ఛాతీమీది కాగితంలో పేరు చదివి పిలుస్తూ ఉంటాడు. పేరు పెట్టి పిలిచినప్పుడు వంగిపోయిన తల ఒక్కసారి లేవడం అతడు గమనిస్తాడు. ఆ తరువాత తాను పిలవకుండా ఉండలేడు.

ఎక్కడ నిలబడాలన్నది అనుభవం నేర్పే విద్య. కొత్తవారు బయలుదేరే చోట గుమికూడుతారు. అక్కడ పరుగరికి ఎవరి అవసరమూ లేదు. కాళ్ళు తాజాగా ఉంటాయి, ఉత్సాహం పొంగుతూ ఉంటుంది. సుమారు 30 కిలోమీటర్లు దాటిన తరువాత పరిస్థితి మారుతుంది. కండరాలలోనూ కాలేయంలోనూ నిలువ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థపు ఇంధనం అక్కడికి చాలామందిలో అడుగంటుతుంది. కిలోగ్రాము బరువుకు కిలోమీటరుకు ఇంచుమించు ఒక కిలోకాలరీ చొప్పున ఖర్చవుతుందని అంచనా. అరవై కిలోల మనిషి మారథాన్ ముగించడానికి 2,500 కిలోకాలరీలు కావాలి. గ్లైకోజెన్ రూపంలో ఉండేది దాదాపు 2,000. కొరతను కొవ్వు నుంచి తీర్చుకోవాలి గాని అది మెల్లగా కరిగే ఇంధనం. అందుకే కాళ్ళు ఉన్నట్టుండి రాళ్ళవుతాయి. పరుగరులు ఈ దశను 'గోడ' అంటారు. గోడకు ఇవతల ఉత్సవం, అవతల ఒంటరితనం. మిత్రుడు నిలబడవలసినది అవతల.

అక్కడ నిలబడి ఏమి చెప్పాలి? చాలామంది నోట వచ్చే మాట: "అయిపోయింది, వచ్చేసింది, ఇంకెంతో లేదు!" ముప్పై అయిదవ కిలోమీటరు దగ్గర ఈ మాట అబద్ధం. ఏడు కిలోమీటర్లంటే ఆ స్థితిలో ఉన్నవానికి మరో గంట. ఒకసారి నమ్మి, మలుపు తిరిగి, మరో వంతెన ఎదురయ్యేసరికి పరుగరికి ఆ మాట చెప్పినవానిమీదనే కాక తనమీద కూడా కోపం వస్తుంది. "రెండు కిలోమీటర్ల దాకా ఎత్తు లేదు", "నీ నడక బాగుంది", "నీళ్ళు ఎడమవైపు ఉన్నాయి" వంటి నిజమైన చిన్న మాటలు ఉపకరిస్తాయి. పేరు పెట్టి పిలిచి ఊరకున్నా చాలు.

మాట మనిషిని ఎలా నిలబెడుతుందో, ఎలా కూలుస్తుందో మన ఇతిహాసాలకు బాగా తెలుసు. సముద్రతీరాన తన శక్తి తనకే గుర్తులేక కూర్చున్న హనుమంతుని ముందు జాంబవంతుడు సముద్రం చిన్నదని చెప్పలేదు. నీవు ఎవరివో గుర్తు తెచ్చుకొమ్మన్నాడు. దీనికి పూర్తిగా విరుద్ధమైనది శల్యసారథ్యం. కర్ణుని రథం తోలుతూ శల్యుడు అడుగడుగునా అతని ఉత్సాహాన్ని చల్లార్చాడు. అందుకోసం అతడు చెప్పిన కథ ఒకటి తిక్కన కర్ణపర్వంలో చదువుతాము. విచిత్రమేమంటే అదికూడా సుదూరపు పందెం కథే. ఎంగిలి మెతుకులు తిని బలిసిన కాకి, ఎన్నో రకాల గతులు తనకు తెలుసునని గొప్పలు పోయి హంసలతో పందెం వేసింది. తీరంలో గిరికీలు కొట్టి మెప్పు పొందింది. సముద్రం మధ్యకు వెళ్ళేసరికి రెక్కలు అలిసి నీళ్ళకు తగలసాగాయి. అప్పుడు ఒకే గతిలో ఎగురుతూ వచ్చిన హంస దానిని వీపున మోసి ఒడ్డుకు చేర్చింది. కర్ణుణ్ణి కించపరచడానికి శల్యుడు దీనిని కాకివైపు నుంచి చెప్పాడు. హంసవైపు నుంచి చదివితే, పందెంలో ఉండికూడా ప్రత్యర్థి ప్రాణం పోకుండా చూచుకొన్న పరుగరి కథ అవుతుంది. శల్యుడు ఆ సగాన్ని పట్టించుకోలేదు.

చూచేవారి ప్రభావంపై శాస్త్రజ్ఞుల దృష్టి కూడా చాలాకాలం కిందటే పడింది. 1898లో నార్మన్ ట్రిప్లెట్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త సైకిలు పందేల లెక్కలు పరిశీలించి, ఒంటరిగా తొక్కినప్పటికంటే మరొకరి తోడు ఉన్నప్పుడు వేగం పెరుగుతున్నదని చూపాడు. 1965లో రాబర్ట్ జయాన్స్ దీనికి ఒక సవరణ చేర్చాడు: ఇతరుల సమక్షం మనిషిని ఉద్దీపింపజేస్తుంది; బాగా అలవడిన పని అయితే అది మెరుగుపడుతుంది, అలవాటు లేని పని అయితే చెడుతుంది. పరుగుకు ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది. సాధన చేసినవాణ్ణి చప్పట్లు ముందుకు నడిపిస్తాయి. సాధన లేనివాణ్ణి అవే చప్పట్లు మొదటి మైలులో మితిమీరిన వేగానికి రెచ్చగొట్టి, తరువాత దెబ్బతీస్తాయి. అమెరికాలోని బోస్టన్ మారథాన్ 1897లో మొదలైంది. సగం దారిలో ఉన్న వెల్స్‌లీ కళాశాల విద్యార్థినులు ఆ మొదటి ఏడు నుంచీ రోడ్డు పక్కకు వచ్చి కేకలతో ఉత్సాహపరచడం ఆనవాయితీ. ఆ కేకలు చాలా దూరం నుంచే వినిపిస్తాయట. అక్కడ వేగం పెంచి, తరువాతి గుట్టలలో దానికి మూల్యం చెల్లించినవారు ఎందరో.

మాట తరువాత నీళ్ళు. దాహంతో ఉన్నవానికి నీళ్ళివ్వడంలో తప్పేముందని అనిపిస్తుంది. అయితే 2002 బోస్టన్ మారథాన్‌లో పాల్గొన్న 488 మందిని పరీక్షించగా, వారిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం ప్రమాణానికంటే తగ్గిపోయినట్లు 2005లో ప్రచురితమైన అధ్యయనం వెల్లడించింది. చెమటలో ఉప్పు పోగా, అవసరానికి మించి నీళ్ళు తాగడం దీనికి ముఖ్యకారణం. నెమ్మదిగా పరుగెత్తేవారికి తాగే వ్యవధి ఎక్కువ కాబట్టి వారికే ప్రమాదం ఎక్కువ. కనుక ప్రేమతో ప్రతి మలుపులోనూ సీసా నోటికి అందించడం ఉపకారం కాకపోవచ్చు. పెద్ద పోటీలలో అధికారిక కేంద్రాలలో కాక మరోచోట పానీయాలు తీసుకోవడం నియమవిరుద్ధం కూడా. మరోవైపు వడదెబ్బ. పరుగరి మాట తడబడుతున్నా, తాను ఎక్కడున్నాడో చెప్పలేకపోతున్నా, అడుగులు అడ్డదిడ్డంగా పడుతున్నా చప్పట్లు ఆపి వైద్యసిబ్బందిని పిలవాలి. వారు దగ్గరలేకపోతే 108కి ఫోను చేయాలి. శరీరాన్ని తక్షణం చల్లబరచడం అన్నిటికంటే ముఖ్యం. దారి పక్కన నిలబడినవాని చేతిలో ఒక్కొక్కప్పుడు ప్రాణమే ఉంటుంది.

ఎంత సాయం చేయాలి, ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్న ఈ ఆటకు పుట్టుకతోనే వచ్చింది. 1896 ఏప్రిల్ 10న ఏథెన్స్‌లో జరిగిన మొదటి ఒలింపిక్ మారథాన్‌లో మరౌసి గ్రామానికి చెందిన స్పిరిడాన్ లూయిస్ విజేతగా మైదానంలో అడుగుపెట్టినప్పుడు, గ్రీకు రాకుమారులిద్దరు ఆసనాలు దిగి అతని పక్కన తామూ పరుగెత్తారు. దేశమంతా ఆనందంలో ఉంది కాబట్టి ఎవరూ ఆక్షేపించలేదు. అదే పందెంలో కొంతదూరం ముందున్న ఆస్ట్రేలియా పరుగరి ఎడ్విన్ ఫ్లాక్ చివరకు తూలి పడబోతుంటే పట్టుకోవడానికి ఒక ప్రేక్షకుడు చేతులు చాచాడనీ, స్పృహ తప్పిన స్థితిలో ఫ్లాక్ అతణ్ణి కొట్టాడనీ చెబుతారు.

పన్నెండేళ్ళ తరువాత, 1908 జులై 24న లండన్‌లో ఈ ప్రశ్న కఠినంగా ఎదురైంది. విండ్సర్ కోట నుంచి బయలుదేరిన ఆ పరుగులోనే నేటి 42.195 కిలోమీటర్ల దూరం మొదటిసారి కనిపించింది. 1921లో దానిని ప్రామాణికంగా స్వీకరించారు. ఇటలీకి చెందిన డొరాండో పియెట్రి అందరికంటే ముందు మైదానం చేరాడు. చేరి, దారి తప్పి వ్యతిరేకదిశలో తిరిగాడు. పడ్డాడు. లేచి మళ్ళీ పడ్డాడు. చివరి 350 మీటర్లకు అతనికి పది నిమిషాలు పట్టింది. వేలాది జనం కళ్ళముందు ఒక మనిషి ప్రాణం మీదికి వస్తుంటే చూడలేక పోటీ అధికారులే అతణ్ణి లేవనెత్తి, పట్టుకొని గీత దాటించారు. రెండవస్థానంలో వచ్చిన అమెరికా పరుగరి జానీ హేస్ పక్షాన ఫిర్యాదు వచ్చింది. పియెట్రిని అనర్హుణ్ణి చేసి హేస్‌కు విజయం ప్రకటించారు. మరుసటిరోజు అలెగ్జాండ్రా రాణి పియెట్రికి బంగారుపూత పూసిన వెండి పాత్ర బహూకరించింది. ఆ పాత్ర ఆయనను ప్రపంచప్రసిద్ధుణ్ణి చేసింది. అయినా న్యాయంగా ఆలోచిస్తే, పందెం నుంచి అతణ్ణి తప్పించినవి తన కాళ్ళు కావు, ఇతరుల చేతులు. పట్టుకోకపోతే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు.

ఆ అధికారులను నిందించడం సులభం. కాని ఇటువంటి స్థితిలో నిగ్రహం ఎంత కష్టమో కురుక్షేత్రమే చెబుతుంది. ఆయుధం పట్టనని, రథం మాత్రమే తోలుతానని మాట ఇచ్చిన శ్రీకృష్ణుడు, భీష్ముని బాణాలకు అర్జునుడు నొచ్చుకోవడం చూచి చక్రం పట్టి రథం మీది నుంచి దూకాడు. అర్జునుడు పరుగెత్తి వెళ్ళి కాళ్ళు పట్టుకొని ఆపాడు. యుద్ధం తనది, గెలిచినా ఓడినా తానే చేయాలని అతని ఆరాటం. పోతన భాగవతంలో అంపశయ్య మీది భీష్ముడు స్మరించుకొన్నది ఈ దృశ్యాన్నే. భగవంతునికే ఆగరానిది లండన్ మైదానంలో ఒక వైద్యునికి ఆగలేదంటే ఆశ్చర్యమేముంది?

ఆగినవారు కూడా ఉన్నారు. 1984 ఆగస్టు 5న లాస్ ఏంజిల్స్‌లో మహిళలకు మొట్టమొదటి ఒలింపిక్ మారథాన్ జరిగింది. విజేత జోన్ బెనాయిట్ పరుగు ముగించిన సుమారు ఇరవై నిమిషాలకు స్విట్జర్లాండ్‌కు చెందిన 39 ఏళ్ళ గాబ్రియేలా ఆండర్సన్-షీస్ మైదానంలోకి వచ్చింది. వడదెబ్బ తగిలి, నడుము ఒకవైపు వంగిపోయి, ఎడమచేయి వేలాడుతూ ఉంది. వైద్యులు దగ్గరకు వచ్చారు. ఎవరైనా తాకితే అనర్హత అని తెలిసిన ఆమె వారిని దూరంగా ఉండమని సైగ చేసింది. ఇక్కడే ఆ వైద్యుల గొప్పతనం ఉంది. వారు వెళ్ళిపోలేదు, పట్టుకోనూ లేదు. పక్కనే నడుస్తూ ఆమె ఒంటిని పరిశీలించారు. ఇంకా చెమట పడుతున్నదని, అంటే శరీరం తనను తాను చల్లబరచుకొనే శక్తి కోల్పోలేదని గ్రహించి, వెళ్ళనిచ్చారు. చివరి నాలుగు వందల మీటర్లకు 5 నిమిషాల 44 సెకన్లు పట్టింది. గీత దాటిన క్షణమే వారి చేతులలో పడిపోయింది. ఆమెకు వచ్చింది 37వ స్థానం. రెండు గంటలలో తేరుకొన్నది. నేటి నియమాల ప్రకారం అధికారిక వైద్యులు పరీక్షించినంతమాత్రాన అనర్హత రాదు. 'బాగా చూడడం' అనే మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. ఆమెను ఆపాలా, సాగనివ్వాలా అన్న నిర్ణయం వారు జాలితో చేయలేదు, నియమంతోనూ చేయలేదు. చెమటను చూచి చేశారు.

ప్రేక్షకుడు శత్రువైన సందర్భమూ ఉంది. 2004 ఆగస్టు 29న ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 35వ కిలోమీటరు సమీపంలో అందరికంటే ముందున్న బ్రెజిల్ పరుగరి వాండర్లీ డి లిమాను రోడ్డు పక్కనుంచి దూసుకొచ్చిన ఒక ఐర్లాండు దేశీయుడు జనంలోకి నెట్టివేశాడు. గుంపులోనే ఉన్న పొలివియోస్ కొస్సివాస్ అనే గ్రీకు ప్రేక్షకుడు వెంటనే లాగి విడిపించి, డి లిమాను తిరిగి దారిమీదికి పంపాడు. డి లిమా కాంస్య పతకం గెలుచుకొన్నాడు. 2016లో రియో ఒలింపిక్ జ్యోతిని వెలిగించే గౌరవం ఆయనకు దక్కింది. కొస్సివాస్ చేసినది కొద్ది సెకన్ల పని. పరుగరిని మోయలేదు, పక్కన పరుగెత్తలేదు. అడ్డు తొలగించి వదిలిపెట్టాడు.

హైదరాబాదు వంతెనలమీద ఇంత నాటకీయమైన ఘట్టం సాధారణ ప్రేక్షకునికి ఎదురుకాదు. అతనికి ఎదురయ్యేది ఇంకా చిన్నది, ఇంకా ఇరకాటమైనది. ముప్పై మూడవ కిలోమీటరు దగ్గర స్నేహితుడు నడుస్తూ వస్తాడు. "ఇక నావల్ల కాదు" అంటాడు. ఆరు నెలల తెల్లవారుజాములు ఇద్దరికీ గుర్తే. ఇప్పుడు సాగు అనడమా, ఆగు అనడమా? సాగమంటే రేపు మోకాలికి ఏమైనా అయితే ఆ మాట తనదవుతుంది. ఆగమంటే పది నిమిషాల్లో సర్దుకొనే అలసటకు ఆరు నెలలు బలి అవుతాయి. ఒడ్డున ఉన్నవానికి లోతు తెలియదన్నది నిజమే; అయితే నీళ్ళలో ఉన్నవానికి ఒడ్డు కనిపించదన్నదీ అంతే నిజం. అందువల్ల తెలిసిన మిత్రుడు తీర్పు చెప్పడు, అడుగుతాడు. నొప్పి ఒకచోట పొడుస్తున్నదా, కాళ్ళంతా బరువుగా ఉన్నదా? ఈ రోజేమిటి, ఊరేమిటి? చివరగా నీళ్ళు ఎప్పుడు తాగావు? వచ్చే వంతెన దాకా నడచి చూస్తావా? ఈ ప్రశ్నలకు జవాబు చెబుతూ చెబుతూ కొందరు పరుగందుకొంటారు. కొందరు రోడ్డు అంచున కూర్చొని బూట్లు విప్పుతారు. బూట్లు విప్పినవాని పక్కన కూర్చోవడానికి కూడా మిత్రుడు సిద్ధపడే వచ్చి ఉండాలి. అప్పుడు చెప్పే మాటలేవీ ఉండవు.

ముగించినవాని సంగతి వేరు. గచ్చిబౌలి మైదానంలో మెడలో పతకం పడిన తరువాత అతడు వెంటనే కూర్చోవాలనుకొంటాడు. పది నిమిషాలు నడిపించాలి. కొద్దికొద్దిగా నీళ్ళు, ఉప్పు కలిసిన తిండి ఇవ్వాలి. చెమట ఆరి చలి వేస్తుంది గనుక పొడి చొక్కా సంచిలో ఉండాలి. అన్ని గంటలూ నిలబడిన మిత్రుని కాళ్ళు కూడా ఈపాటికి లాగుతూ ఉంటాయి గాని, ఆ సంగతి అడిగేవారుండరు; అతనికీ చెప్పాలని తోచదు. ఇద్దరూ అప్పా కూడలి చేరి చేవెళ్ళ బస్సు పట్టుకొంటారు. మర్రిచెట్లు వచ్చేసరికి పరుగెత్తినవాడు కిటికీకి తల ఆనించి నిద్రపోతాడు. దిగేటప్పుడు బస్సు మెట్లు పెద్ద పరీక్ష. మారథాన్ తరువాత తొడ కండరాలు దిగుడుకు సహకరించవు. వెనక్కి తిరిగి, కమ్మీ పట్టుకొని దిగడం సులువు. కండక్టరు తొందరపెడతాడు. సంచి భుజాన వేసుకొన్న మిత్రుడు ముందుగా దిగి, చేయి చాచి నిలబడతాడు. ఇప్పుడు పట్టుకొంటే ఏ నియమమూ అడ్డురాదు.